ల్యాబ్ పిండాలు పెట్టిస్తే సగం కూడా నిలవట్లేదు, లోపం పిండానిదా, ఆవుదా, పెట్టిన చేతిదా?

ఆవులమంద_శ్రీను:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా మందలో ఐవీఎఫ్ పిండాలు (ల్యాబ్‌లో ఫలదీకరణ చేసి పెంచినవి) పెట్టించాం, అన్నీ ఒకే డోనర్ ఆవువి, ఒకే బుల్ సెమెన్, కొన్ని ఫ్రెష్‌గా వచ్చాయి కొన్ని ఫ్రీజ్ చేసినవి. తర్వాత స్కానింగ్ చేయిస్తే సగం కూడా నిలవలేదు, చాలావరకు మళ్ళీ ఎదకొచ్చేశాయి. పిండాలు పంపినవాళ్ళేమో మావన్నీ గ్రేడ్ వన్, లోపం మీ ఆవుల్లోనే ఉందంటారు, పెట్టినాయనేమో నా చేతిలో ఏ పొరపాటూ లేదు పిండమే బాలేదేమో అంటారు. మధ్యలో నాకు కనిపించింది ఒక్కటే, పెయ్యల్లో కాస్త బానే నిలిచాయి, బాగా పాలిచ్చే ఆవుల్లో దాదాపు అన్నీ పోయాయి. రెండో బ్యాచ్ పెట్టించేముందు అసలు ఏవేం చూసుకోవాలో, ఎవర్ని ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి. మంచి డోనర్ ఆవు నుంచి వచ్చిన పిండాలు, ఊరికే పోతుంటే బాధగా ఉంది.

పాలధార:
శ్రీను అన్నా, సగం నిలవలేదని మరీ కంగారుపడకు. ఐవీఎఫ్ పిండం ఫ్రెష్‌గా పెడితే 40 నుంచి 50 శాతం నిలిస్తే మంచి రిజల్టే అంటారు, ఫ్రీజ్ చేసినవైతే 30, 40 మధ్యలో. డోనర్ గర్భసంచి కడిగి తీసిన ఫ్లష్ పిండాలు ఫ్రెష్‌గా పెడితే 60 దాకా వెళ్తుంది. ఫ్రెష్ ఎన్ని పెట్టారు ఫ్రోజెన్ ఎన్ని పెట్టారు విడివిడిగా చూశావా? రెండూ కలిపేసి చూస్తే ఏమీ అర్థం కాదు.

ఆవులమంద_శ్రీను:
విడిగా చూడలేదు అన్నా, ఏ ఆవుకి ఏది పెట్టారో వాళ్ళు రాసుకున్నారు, అడిగి తీసుకుంటా.

పశువైద్యం_వాణి:
శ్రీను గారూ, నేను పిండ మార్పిడి పనిలోనే ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎవరిది తప్పు అని మొదలుపెడితే ఇది తేలే విషయం కాదు. పిండం ఏడు రోజుల వయసులో ఆవులోకి వెళ్తుంది, అప్పటికి అది మిల్లీమీటర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. అక్కణ్ణుంచి సుమారు పదహారో రోజుకల్లా అది సన్నటి దారంలా సాగి పది సెంటీమీటర్లు దాటాలి, సాగుతూ ఇంటర్ఫెరాన్ టావ్ అనే ప్రొటీన్ వదలాలి. ఆ సిగ్నల్ అందితేనే గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ (సీఎల్‌ని కరిగించే హార్మోన్) వదలకుండా ఆగుతుంది, సీఎల్ (అండం విడుదలైన చోట అండాశయంలో ఏర్పడే కండ) నిలుస్తుంది, అది వదిలే ప్రొజెస్టిరాన్ (చూడిని నిలబెట్టే హార్మోన్) కొనసాగుతుంది. సిగ్నల్ చాలకపోయినా ఆలస్యమైనా ఆవు తన లెక్క ప్రకారం 21వ రోజు చుట్టుపక్కల ఎదకొచ్చేస్తుంది. మీ ఆవులు "మళ్ళీ ఎదకొచ్చేశాయి" అన్నారు చూడండి, వాటిలో ఎక్కువశాతం పోయింది ఈ వారం పదిరోజుల్లోనే. అందుకే పిండం ఎదగడానికి ఆవు లోపల వాతావరణం సిద్ధంగా ఉందా అన్నదే నా దృష్టిలో మొట్టమొదటి ప్రశ్న.

దానికి రెండు చూడాలి. ఒకటి టైము. ఎద కనిపించిన రోజుని సున్నా అనుకుంటే ఏడో రోజు, కొంచెం అటూఇటూగా ఆరున్నర నుంచి ఎనిమిది రోజుల మధ్య పెట్టాలి. పిండం వయసుకీ ఆవు రోజుకీ 24 గంటలకి మించి తేడా ఉండకూడదు, ల్యాబ్ పిండాలకి ఈ తేడాని తట్టుకునే శక్తి ఫ్లష్ పిండాల కంటే తక్కువ. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు, ల్యాబ్‌లో సున్నా రోజు అంటే అండాన్నీ వీర్యకణాల్నీ కలిపిన రోజు, ఆవులో సున్నా రోజు అంటే ఎద కనిపించిన రోజు, అండం విడుదలయ్యేది ఎద మొదలైన 24 నుంచి 30 గంటల తర్వాత. అంటే ల్యాబ్ ఏడో రోజు పిండం నిజానికి ఆవు ఎనిమిదో రోజుకి దగ్గర. అందుకే ఏడు, ఎనిమిది రోజుల ఆవుల్ని ఎంచుకుంటాం, ఆరో రోజు ఆవుకి పెట్టమంటే నేను ఒప్పుకోను.

రెండోది సీఎల్. పెట్టేరోజు స్కానర్‌తో రెండు అండాశయాలూ చూడాలి, సీఎల్ ఏ వైపు ఉందో ఆ వైపు గర్భసంచి కొమ్ములోనే పిండం పెట్టాలి, అవతలి కొమ్ములో పెడితే చూడి నిలిచే అవకాశం బాగా పడిపోతుంది. సీఎల్ మధ్యలో నీరు నిండిన ఖాళీ కనపడితే భయపడక్కర్లేదు, చుట్టూ కండ బాగా ఉంటే చాలు. కలర్ డాప్లర్ ఉన్నవాళ్ళు రక్తప్రసరణ కూడా చూస్తారు, సైజు కంటే అదే నమ్మకమైన గుర్తు.

మీరు పెట్టించినప్పుడు ఎన్ని ఆవుల్ని తయారుచేశారు, పెట్టేరోజు వాటిలో ఎన్నింటిని వద్దన్నారు? ఇది చెప్పండి.

ఆవులమంద_శ్రీను:
మేడం, వద్దన్నవి ఒక్కటీ లేవు. ఇంజెక్షన్లు ఇచ్చిన ప్రతి ఆవుకీ పెట్టేశారు. చెయ్యి పెట్టి చూశారు, స్కానర్ తేలేదు.

పశువైద్యం_వాణి:
అక్కడే నాకు అనుమానం వచ్చింది. సింక్రనైజ్ చేసిన, అంటే ఇంజెక్షన్లతో ఒకేసారి ఎదకి తెచ్చిన మందలో ప్రతి ఆవుకీ మంచి సీఎల్ వచ్చి ఉండటం అరుదు. కొన్ని అసలు ఎదకే రావు, కొన్ని ఎద చూపించి అండం వదలవు, కొన్నింటికి అండాశయంలో సిస్టులు (నీటి బుడగలు) ఉంటాయి. అవన్నీ ఏరెయ్యాలి. చెయ్యి పెట్టి సీఎల్ పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్ళకి వస్తుంది, కానీ లోపల బాగా పూడుకున్న సీఎల్ వేలికి దొరకదు, సిస్టు కొన్నిసార్లు సీఎల్‌లాగే తగులుతుంది. పిండం చేతిలో మిగిలిపోతుందని బాగాలేని ఆవులో పెట్టేస్తే అది పోయినట్టే లెక్క. మిగిలిన పిండం ఫ్రీజ్ చేయగలిగితే చేయించండి, లేదా మొదటినుంచీ పిండాల కంటే ఎక్కువ ఆవుల్ని తయారుచేసి పెట్టుకోండి.

పిండశాల:
వాణి మేడం ఆవు వైపు చెప్పారు, నేను మైక్రోస్కోప్ వైపు కూర్చునేవాణ్ణి కాబట్టి పిండం వైపు చెప్తా. గ్రేడ్ వన్ అన్న మాట మీద మీరు మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. గ్రేడ్ వన్ అంటే పిండంలో కణాలు కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉన్నాయి, గుండ్రంగా ఉంది, వయసుకి తగ్గ స్టేజిలో ఉంది అని కంటితో చూసి చెప్పేది. రెండో గ్రేడ్‌కి 50 శాతం, మూడో గ్రేడ్‌కి 25 శాతం. లోపల క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయా, ఏ జీన్లు పనిచేస్తున్నాయి అన్నది కంటికి కనపడదు. ల్యాబ్ గ్రేడ్ వన్, ఫ్లష్ గ్రేడ్ వన్ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలుస్తుంది, ల్యాబ్‌ది కొంచెం నల్లగా ఉంటుంది, కొవ్వు బిందువులు ఎక్కువ. ఆ కొవ్వే ఫ్రీజింగ్‌లో శత్రువు.

అండం దగ్గర్నుంచే కథ మొదలవుతుంది. డోనర్ నుంచి ఓపీయూలో సూదితో తీసిన అండాల్ని 22 నుంచి 24 గంటలు పరిపక్వం చేస్తాం, ఆ తర్వాత వీర్యంతో కలుపుతాం, ఏడు రోజులు కల్చర్‌లో (పిండాన్ని పెంచే ద్రవంలో) పెడతాం. వంద అండాలు పెడితే బ్లాస్టోసిస్ట్ (ఆవులో పెట్టడానికి సిద్ధమైన పిండం దశ) దాకా వచ్చేవి సుమారు 30, 40. అండాశయంలోనే సరిగ్గా పండని అండం, పైకి పిండంలా ఎదిగినా తర్వాత నిలబడే శక్తి తక్కువ. అందుకే డోనర్‌కి ముందుగా ఎఫ్ఎస్‌హెచ్ (అండాల్ని ఎదిగించే హార్మోన్) ఇచ్చి కొంత టైము ఆగి తీసేవాళ్ళు ఉన్నారు. బుల్ ప్రభావం కూడా బాగా ఉంటుంది, ఏఐలో (కృత్రిమ గర్భధారణలో) బ్రహ్మాండంగా చూడి కట్టించే బుల్ ల్యాబ్‌లో చతికిలపడటం మామూలే, సెక్స్‌డ్ సెమెన్ (ఆడ లేదా మగ దూడ కోసం వేరుచేసిన వీర్యం) అయితే ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది.

ల్యాబ్‌వాళ్ళని మీరు అడగాల్సినవి ఇవి. పిండం ఏడో రోజుకే బ్లాస్టోసిస్ట్ అయిందా లేక ఎనిమిదో రోజుకి లాక్కొచ్చిందా? ఆలస్యంగా చేరినవి తక్కువ నిలుస్తాయి. స్టేజి ఎంత, అంటే 4 మోరులా (కణాల ముద్ద), 5 ఎర్లీ బ్లాస్టోసిస్ట్, 6 బ్లాస్టోసిస్ట్, 7 ఎక్స్‌పాండెడ్. కల్చర్‌లో ఆక్సిజన్ ఎంత, మంచి ల్యాబుల్లో 5 శాతం దగ్గర పెడతారు, గదిగాలిలో ఉండే 20 శాతం ఆక్సిజన్ పిండానికి ఒత్తిడే. కల్చర్‌లో సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) వాడారా లేదా, సీరం వాడితే పిండాలు త్వరగా, ఎక్కువగా వచ్చినట్టు కనపడతాయి గానీ కొవ్వు పేరుకుంటుంది, దూడ మరీ పెద్దదవడం లాంటి సమస్యలకి కూడా దానికి సంబంధం ఉంది. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి తడబడే ల్యాబ్ అయితే గ్రేడ్ వన్ అన్న మాటని నేను పట్టించుకోను.

ఒక్క మాట, ఇది ఎవర్నీ తప్పుబట్టడానికి కాదు. ల్యాబ్ ఫలదీకరణతో తొలి దూడ పుట్టింది 1981లో అమెరికాలో, వర్జిల్ అని పేరు పెట్టారు. 2016 కల్లా ప్రపంచం మొత్తం మీద తయారైన ఆవు పిండాల్లో ల్యాబ్‌వి ఫ్లష్ పిండాల సంఖ్యని దాటేశాయి. తయారుచేయడం అంత బాగా నేర్చుకున్నాం, నిలబెట్టడంలోనే ఇంకా ఆ స్థాయికి రాలేదు. నాకు రోజూ గుచ్చుకునే విషయం ఇదే.

మల్లేశ్_పాడి:
అన్నా ఫ్రీజ్ చేసినవి నిలుస్తలేవంటే అది కరిగించేకాడ తేడా గూడ ఉండొచ్చు గదా? మాదగ్గర ఒకాయన పిండమున్న స్ట్రా తీసి అట్లనే చేతిల పట్టుకొని ముచ్చట పెట్టుకుంట నిలవడ్డడు, నేను చూసిన. దాని లెక్క ఏందో చెప్పుండ్రి.

పిండశాల:
మల్లేశ్ అన్నా మంచి ప్రశ్న. ఫ్రీజింగ్ రెండు రకాలు. ఒకటి నెమ్మదిగా చల్లబరిచేది, ఇథిలీన్ గ్లైకాల్‌లో పెట్టి నిమిషానికి అర డిగ్రీ చొప్పున దించి, ఆ తర్వాత నైట్రోజన్‌లో మైనస్ 196కి ముంచుతారు. దీన్ని నేరుగా స్ట్రాలోనే కరిగించి ఆవుకి పెట్టెయ్యొచ్చు, డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. రెండోది విట్రిఫికేషన్, క్షణాల్లో గాజులా గడ్డకట్టించేది, ల్యాబ్ పిండాలకి ఇది బాగా పనిచేస్తుంది గానీ దాన్ని మామూలుగా సుక్రోజ్ ద్రావణాల్లో మెట్లుమెట్లుగా తేర్చాలి, పొలం దగ్గర అందరికీ కుదరదు. మీకొచ్చిన పిండం ఏ పద్ధతిదో స్ట్రా మీద చూడకుండా కరిగించకూడదు.

డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్ స్ట్రా అయితే కంటైనర్ మూతి కింద ఉండగానే పట్టకారుతో పట్టుకుని బయటికి తీశాక ఐదు నుంచి పది సెకన్లు గాలిలో ఉంచాలి, వెంటనే 25 నుంచి 30 డిగ్రీల నీళ్ళలో మంచు కరిగేదాకా ఒక పది పదిహేను సెకన్లు. గాలిలో ఉంచకుండా నేరుగా నీళ్ళలో వేస్తే పిండం చుట్టూ ఉండే జోనా పెంకు చిట్లే ప్రమాదం ఉంది. తీశాక తుడిచి, ఊపకుండా, స్ట్రాలో ఉన్న గాలిబుడగలు కలిసిపోకుండా పట్టుకుని గన్‌లో (పిండం పెట్టే సన్నటి గొట్టంలో) వేసి పది నిమిషాల లోపు ఆవులో ఉండాలి, ఎందుకంటే గది వేడిలో ఆ ఇథిలీన్ గ్లైకాల్ పిండానికి విషమే. ఆవు ట్రెవిస్‌లో (కట్టి నిలబెట్టే చట్రంలో) రెడీగా నిలబడి, సీఎల్ ఏవైపో చూసి, మత్తు ఇచ్చాకే స్ట్రా బయటికి తియ్యాలి. ఒకేసారి నాలుగైదు స్ట్రాలు కరిగించి వరసగా పెట్టుకుంటూ పోవడం అస్సలు వద్దు. ఫ్రెష్ పిండాలైతే ప్రయాణంలో వేడి నిలకడగా ఉండే పోర్టబుల్ ఇంక్యుబేటర్‌లో రావాలి, మధ్యలో ఎండ తగిలినా చల్లబడినా మనకి బయటికేమీ కనపడదు.

గన్‌పట్టేచెయ్యి:
నేను పెట్టేవాళ్ళ తరఫున మాట్లాడతా. ఏఐ వేయడం వచ్చినంత మాత్రాన పిండం పెట్టడం వచ్చినట్టు కాదు, ఇది చాలామందికి అర్థంకాక అందరిచేతా పెట్టించేస్తున్నారు. ఎదలో ఉన్నప్పుడు సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) కొంచెం తెరుచుకుని ఉంటుంది, తీగలు జారుతుంటాయి, గర్భసంచి కూడా క్రిములతో పోరాడే స్థితిలో ఉంటుంది. ఏడో రోజుకి అంతా తిరగబడుతుంది, సర్విక్స్ గట్టిగా మూసుకుంటుంది, ప్రొజెస్టిరాన్ వల్ల గర్భసంచికి ఇన్ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది. ఆ టైములో గన్‌తోపాటు కొంచెం పేడ లోపలికెళ్ళినా చూడి సంగతి మర్చిపోవాలి. అందుకే వెనకభాగం కడిగి ఆరబెట్టాలి, తోక పక్కకి కట్టాలి, గన్‌కి పైన ఇంకో ప్లాస్టిక్ తొడుగు వేసి సర్విక్స్ మూతి దగ్గరికి వచ్చాకే దాన్ని చింపి ముందుకెళ్ళాలి.

ఏఐలో సర్విక్స్ దాటగానే వదిలేస్తాం. ఇక్కడ కొమ్ములోకి, సాఫీగా ఎంతదూరం వెళ్తే అంత పైకి తీసుకెళ్ళాలి, కానీ బలవంతం చెయ్యకూడదు. గన్ మొన లోపొరని గీరితే రక్తం వస్తుంది, గన్ బయటికి తీశాక చివర్లో ఎర్రగా కనిపిస్తే నేను రికార్డులో రాస్తా, అలాంటివి తక్కువ నిలుస్తాయి. ఎక్కువసేపు పిసికితే గర్భసంచి నుంచి ప్రోస్టాగ్లాండిన్ వస్తుంది, అది పిండానికీ సీఎల్‌కీ రెండింటికీ చెడ్డదే. తోక మొదట్లో 2 శాతం లిగ్నోకైన్ ఐదు ఎంఎల్ ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఇస్తే ఆవు ముక్కడం ఆగుతుంది, చెయ్యి కిందామీదా పడదు. బాగా చేసేవాళ్ళకి సర్విక్స్ దాటాక పని ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. పది నిమిషాలు కెలికి పెట్టిన పిండాన్ని, రెండు నిమిషాల్లో పెట్టిన పిండాన్ని ఒకే కాలమ్‌లో రాస్తే తప్పు. ప్రతి ఆవుకీ తేలిగ్గా వెళ్ళింది, కష్టంగా వెళ్ళింది, రక్తం ఉంది, ఈ మూడు గుర్తులు పెట్టించండి శ్రీను అన్నా.

మల్లేశ్_పాడి:
ఇంకో ముచ్చట. మేత సంగతి ఎవ్వలు చెప్తలేరు. బక్కగ, పక్కటెముకలు లెక్కవెట్టేటట్టున్న ఆవుకు బంగారం అసొంటి పిండం పెట్టినా నిలవది, మరీ కొవ్వు పట్టిందిగూడ వద్దు. పెట్టేముందు రెండు నెలల సంది ఒళ్ళు తేరుకుంటున్న ఆవునే ఏరుకోవాలె. మందు తాపుడు, నట్టలమందు, మినరల్ మిక్చర్ అన్నీ అంతకుముందే అయిపోవాలె. పిండం పెట్టినంక దాణా మార్చుడు, కొత్త షెడ్డుకు తోలుడు, లారీ ఎక్కిచ్చుడు ఇవన్ని బంద్.

పశువైద్యం_వాణి:
మల్లేశ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒంటి పుష్టిని ఒకటి నుంచి ఐదు స్కేల్‌లో చూస్తే మూడు దగ్గర ఉన్నవి మంచివి, అంతకంటే ముఖ్యం ఒళ్ళు పెరుగుతుండటం, తగ్గుతుండకూడదు. లారీ ప్రయాణం గురించి కూడా సరిగ్గా చెప్పారు, పిండం గర్భసంచికి అతుక్కునే దశ అంతా, అంటే పెట్టినప్పటి నుంచి సుమారు ఐదు వారాలు, పశువుని దూరం తరలించకూడదు.

ఇప్పుడు శ్రీను గారి పెయ్యలు, పాలావుల తేడాకి వస్తాను. రోజూ ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ మేస్తుంది, ఎక్కువ మేస్తే కాలేయానికి రక్తప్రసరణ పెరుగుతుంది, కాలేయం ప్రొజెస్టిరాన్‌ని అంతే వేగంగా విరిచేస్తుంది. అంటే సీఎల్ బాగానే ఉన్నా రక్తంలో హార్మోన్ తక్కువ పడుతుంది, పిండం సాగాల్సిన టైములో దానికి కావాల్సిన పోషణ గర్భసంచి నుంచి రాదు. పైగా ఈనిన కొత్తలో తినేదానికంటే పాలలో పోయేది ఎక్కువ, ఒళ్ళు కరుగుతుంటుంది. మాయ వేయకపోవడం, చీము, బయటికి కనపడని గర్భకోశ వాపు ఇలాంటివి ఈనిన ఆవుల్లోనే ఉంటాయి, పెయ్యకి ఈ గొడవలేవీ లేవు. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా రిసిపియెంట్‌గా (పిండాన్ని మోసే ఆవుగా) పెయ్యనే మొదట చూస్తారు. అయితే పెయ్య అంటే ఎదిగిన పెయ్య, కనీసం రెండు మూడు ఎదలు క్రమంగా వచ్చినది, కటి వెడల్పు ఉన్నది, చిన్న పెయ్యలో పెద్ద జాతి పిండం పెడితే ఈనేటప్పుడు ప్రాణం మీదికొస్తుంది. పాలావుకే పెట్టాలంటే ఈని 60 రోజులు దాటి, స్కానింగ్‌లో గర్భసంచి శుభ్రంగా ఉండి, పాలు గరిష్ఠం దాటి తగ్గుముఖం పట్టాక పెట్టండి.

దాణాలో ప్రొటీన్, యూరియా మరీ ఎక్కువైతే రక్తంలో యూరియా పెరిగి గర్భసంచి లోపలి వాతావరణం చెడుతుంది, ఇది పాలావుల్లో తరచూ చూస్తుంటాం. చూడి పోగొట్టే ఐబీఆర్, బీవీడీ, లెప్టో రోగాల టీకాలు పిండం పెట్టడానికి కనీసం నెల ముందే అయిపోవాలి, ముఖ్యంగా ఐబీఆర్ లైవ్ టీకా ఎద చుట్టుపక్కల వేస్తే సీఎల్‌నే దెబ్బతీస్తుంది. బీవీడీ ఉన్న మందలో ఎంత మంచి పిండం పెట్టినా తర్వాత ఈసుకుపోయేవి, అంటే చూడి జారిపోయేవి ఉంటాయి, పరీక్ష చేయించకుండా మొదలుపెట్టకండి.

పాలధార:
ఎండాకాలం సంగతి ఏంటి మేడం? ఎండల్లో పిండం పెట్టడం దండగ అని ఒకాయన అంటున్నాడు.

పశువైద్యం_వాణి:
పూర్తిగా దండగ అనను. ఎండ వేడి పిండాన్ని బాగా దెబ్బతీసేది మొదటి రెండు రోజుల్లో, మూడో రోజుకి అది తట్టుకోవడం మొదలుపెడుతుంది. ఏఐలో ఆ సున్నితమైన రోజులు ఎండలో ఉన్న ఆవులోపలే గడుస్తాయి, అంతకుముందు అండం కూడా వేడికి దెబ్బతిని ఉంటుంది. ల్యాబ్ పిండం ఆ దశంతా ఇంక్యుబేటర్‌లో గడిపి ఏడో రోజున వస్తుంది కాబట్టి, పాలావుల్లో వేసవిలో ఏఐ కంటే పిండ మార్పిడే మెరుగ్గా నిలిచిన సందర్భాలు బాగా నమోదయ్యాయి. కాకపోతే వేడికి రిసిపియెంట్ ఎద సరిగ్గా చూపించదు, మేత తగ్గుతుంది, అందువల్ల పనికొచ్చే ఆవులు తక్కువ దొరుకుతాయి. నీడ, ఫ్యాన్లు, నీళ్ళ జల్లు పెట్టి ఒంటి వేడి తగ్గించాకే మొదలుపెట్టాలి.

చిట్టిదూడ_99:
పెట్టేరోజు హెచ్‌సీజీ గానీ జీఎన్ఆర్‌హెచ్ గానీ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే గ్యారంటీగా నిలుస్తుందని విన్నాను, నిజమేనా? నొప్పి ఇంజెక్షన్ ఫ్లూనిక్సిన్ కూడా ఇవ్వమంటారు కొందరు.

పశువైద్యం_వాణి:
గ్యారంటీ అన్న మాట ఈ రంగంలో ఎవరు వాడినా జాగ్రత్తపడండి. ఐదో రోజో ఏడో రోజో హెచ్‌సీజీ ఇస్తే అండాశయంలో ఉన్న పెద్ద ఫాలికిల్ (అండం ఉండే బుడగ) పగిలి అదనంగా ఇంకో సీఎల్ వస్తుంది, ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది, ఇంతవరకు నిజం. చూడి శాతం పెరుగుతుందా అంటే కొన్ని ట్రయల్స్‌లో పెరిగింది, కొన్నింటిలో ఏ తేడా లేదు. ప్రొజెస్టిరాన్ తక్కువ పడే పాలావుల్లో అర్థం ఉంది, మంచి సీఎల్ ఉన్న పెయ్యకి పెద్దగా ఒరిగేదేం లేదు. ఫ్లూనిక్సిన్ కూడా అంతే, చెయ్యి కష్టంగా పడిన ఆవులో ఉపయోగపడొచ్చు. ఇవన్నీ పైపై మెరుగులు. సింక్రనైజ్ చేసే పద్ధతి సరిగ్గా ఉండటం వీటన్నిటికంటే పెద్ద విషయం. ఓవ్‌సింక్ అనే పద్ధతి అయితే జీఎన్ఆర్‌హెచ్, ఏడు రోజులకి ప్రోస్టాగ్లాండిన్, రెండు రోజులకి మళ్ళీ జీఎన్ఆర్‌హెచ్, అక్కణ్ణుంచి ఏడో రోజు పిండం. ప్రొజెస్టిరాన్ డివైస్ పెట్టే పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఏ పద్ధతైనా ఇంజెక్షన్ గంటలు తప్పితే మొత్తం తప్పుతుంది, ఎద బయటికి చూపించిన ఆవుల్లో చూపించనివాటికంటే బాగా నిలుస్తాయి. కాబట్టి ఇంజెక్షన్లు ఇచ్చాం కదా అని ఎద గమనించడం మానెయ్యకండి, తోక మీద రంగు పూయండి, పొద్దున సాయంత్రం మనిషిని పెట్టండి.

లెక్కలపుస్తకం:
ఇప్పటిదాకా చెప్పినవన్నీ బాగున్నాయి, నేను లెక్కల వైపు ఒకటి చెప్తా, ఎందుకంటే చిన్న బ్యాచ్ చూసి ల్యాబ్ మార్చేసేవాళ్ళని, టెక్నీషియన్ని తిట్టేసేవాళ్ళని చాలామందిని చూస్తున్నా. నిజమైన రేటు 40 శాతమే అనుకోండి. పది ఆవులకి పెడితే నాలుగు నిలవాలి అనుకుంటాం. కానీ కేవలం అదృష్టం కొద్దీ రెండు లేదా అంతకంటే తక్కువ నిలిచే అవకాశం దాదాపు 17 శాతం, ఆరు లేదా అంతకంటే ఎక్కువ నిలిచే అవకాశం కూడా దాదాపు 17 శాతమే. అంటే ఆవులు అవే, పిండాలు అవే, చెయ్యి అదే, అయినా ప్రతి ఆరు బ్యాచ్‌లలో ఒకటి ఘోరంగా, ఒకటి అద్భుతంగా కనపడుతుంది. పది పిండాలతో ఎవర్నీ తేల్చలేం. రికార్డు కూడబెట్టాలి, బ్యాచ్‌లు కలిసేకొద్దీ అసలు బొమ్మ కనపడుతుంది.

ఇంకోటి, ఎవరైనా మాది 50 శాతం అంటే దేనిలో 50 అని అడగండి. 100 ఆవుల్ని సింక్రనైజ్ చేసి 80కి పెట్టి 32 నిలిస్తే, పెట్టినవాటిలో 40 శాతం, తయారుచేసినవాటిలో 32 శాతం. రెండూ నిజమే. ముప్పయ్యో రోజు లెక్క వేరు, అరవయ్యో రోజు వేరు, బతికి లేచి నిలబడ్డ దూడల లెక్క వేరు. నాకైతే ఆఖరిదే లెక్క.

ఆవులమంద_శ్రీను:
ఈ మాట బాగా తగిలింది. ఒకటి అడగాలి, పదేపదే పొర్లే, అంటే చూడి కట్టక మళ్ళీ మళ్ళీ ఎదకొచ్చే ఆవులు నా దగ్గర ఉన్నాయి, వాటికి పిండం పెడితే నిలుస్తుందంటారు కదా? ఇంకా రెండేసి పిండాలు పెడితే కనీసం ఒకటైనా నిలుస్తుందని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు.

పశువైద్యం_వాణి:
పొర్లే ఆవు ఎందుకు పొర్లుతుందో తెలిస్తేనే చెప్పగలం. అండం బాగాలేక, ఫలదీకరణ జరక్క, మొదటి వారంలో పిండం చచ్చిపోయి పొర్లుతుంటే ఏడో రోజు పిండం ఆ గండం దాటించేస్తుంది, అలాంటివి నిలిచినవి ఉన్నాయి. గర్భసంచిలోనే వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఏ పిండమూ నిలవదు. మంచి డోనర్ పిండాన్ని దానిమీద ప్రయోగం చెయ్యకండి. రెండు సార్లు మంచి పిండం పెట్టినా నిలవని ఆవుని నేను రిసిపియెంట్ల లిస్టులోంచి తీసేస్తాను.

రెండు పిండాలు వద్దు. చూడి శాతం రెట్టింపు అవదు, కవలలు పడితే ఈసుకుపోవడం, కష్టపు ఈత, మాయ ఆగిపోవడం, ఆవు చిక్కిపోవడం. ఆడా మగా కలిసి పడితే రెండు మాయల రక్తనాళాలు కలిసిపోయి ఆడదూడ గొడ్డుపోతుంది, నూటికి తొంభైకి పైగా అలాగే జరుగుతుంది. తమ్ముడికి ఈ ముక్క చెప్పండి.

పిండశాల:
చూడి నిలిచాక కూడా కథ అయిపోదు, ఇది ల్యాబ్ పిండాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లష్ పిండాలతో పోలిస్తే ముప్పయ్యో రోజు తర్వాత పోయేవి వీటిలో ఎక్కువ. మాయ సరిగ్గా ఏర్పడకపోవడం దీనికి పెద్ద కారణం. పిండం వయసు 28, 30 రోజులప్పుడు మొదటి స్కాన్, అంటే పెట్టిన 21 నుంచి 23 రోజులకి, గుండె కొట్టుకోవడం కనపడాలి. అరవయ్యో రోజుకి రెండో స్కాన్ తప్పనిసరి. కొందరు మొదటి స్కాన్ చూసి సంబరపడి ఆగిపోతారు, మధ్యలో పోయిన ఆవు నెలల తరబడి ఖాళీగా మేస్తుంటుంది.

ఆవులమంద_శ్రీను:
అందరికీ చాలా థాంక్స్. ఈసారి ఇలా చేద్దామనుకుంటున్నా, చూసి చెప్పండి. పాలావుల్ని పక్కన పెట్టి ఎదిగిన పెయ్యల్నే తీసుకుంటా, పిండాల కంటే ఎక్కువ పెయ్యల్ని తయారుచేయిస్తా, స్కానర్ తెచ్చే డాక్టర్ గారిచేతే పెట్టిస్తా, సీఎల్ లేనిదాన్ని వెనక్కి పంపేస్తా. పుస్తకంలో ఆవు నంబరు, ఎద తేదీ గంటతో సహా, సీఎల్ ఏ వైపు, పిండం స్టేజి, ఫ్రెషా ఫ్రోజెనా, ఎవరు పెట్టారు, తేలికా కష్టమా ఇవన్నీ రాస్తా. నిలిచినవాటికి ఈనే తేదీ ఎలా లెక్కపెట్టాలి?

పశువైద్యం_వాణి:
చాలా బాగుంది శ్రీను గారూ. పిండం అప్పటికే ఏడు రోజులది కాబట్టి పెట్టిన రోజు నుంచి సుమారు 273 రోజులు వేసుకోండి, జాతిని బట్టి అటూఇటూ అవుతుంది. ల్యాబ్ పిండాల్లో కొన్ని తేదీ దాటి ఆగుతాయి, దూడ పెద్దదవుతుంది, తేదీ దాటితే ఇంటిదగ్గర లాగే ప్రయత్నాలు చెయ్యకుండా డాక్టర్ని పిలవండి. ఆఖరి మూడు నెలల్లో పొట్ట ఉన్నట్టుండి రెండువైపులా గుండ్రంగా ఉబ్బిపోతే అది ఉమ్మనీటి సంచుల్లో నీరు చేరడం కావచ్చు, అది కూడా వెంటనే చూపించాల్సిందే.

గన్‌పట్టేచెయ్యి:
ఒక్కటి కలుపుతున్నా. పిండం పెట్టిన పెయ్యల దగ్గరికి కోడెని రానివ్వకండి, అంతకుముందు ఎదకి ఏఐ వేయించినవాటినీ ఇందులో కలపకండి. దూడ పుట్టాక తోక వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి కాగితం కవర్‌లో పెట్టి ఆవు నంబరు రాయండి, డోనర్‌వి, బుల్‌వి కూడా ఉంటే డీఎన్ఏ పరీక్షలో దూడ ఎవరిదో తేలిపోతుంది. లేకపోతే మీ పుస్తకంలో రాసుకున్నదంతా అనుమానంలోనే ఉంటుంది.